గాజుగదికి తాళం పడింది

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విశ్వవిద్యాలయాల ఉపకులపతులకు,



నేను రసాయనశాస్త్రం అధ్యాపకురాలిని. ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ముప్పై ఏళ్లకు పైగా పాఠం చెప్పి, ల్యాబు నడిపి, ఈ మధ్యనే రిటైరయ్యాను. మీలో కొందరు సైన్సు మనుషులు, కొందరు కారు. రసాయనం తెలిసినవాళ్లకీ తెలియనివాళ్లకీ ఒకేలా అర్థమయ్యే విషయం ఒకటి చెప్పుకోవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. ల్యాబు అంటే ఎవరు అన్నదే ఆ విషయం.

మా విభాగంలో మెట్ల కింద, సైకిల్ స్టాండు వైపు తలుపుతో ఒక చిన్న గది ఉంది. గ్లాస్ బ్లోయింగ్ గది. నేను ఎమ్మెస్సీలో చేరిన రోజుల్లో అక్కడ పనిచేసే ఆయన్ని అందరం గాజు మాస్టారు అనేవాళ్లం. పదో తరగతితో చదువు ఆగిన మనిషి. బోరోసిలికేట్ గొట్టాన్ని మంటలో పెట్టి తిప్పుతుంటే చూస్తూ నిలబడిపోయేవాళ్లం. రెండు చేతులూ ఒకే వేగంతో తిరగాలి. ఏ చెయ్యి వెనకబడినా మెత్తబడ్డ గాజు అటువైపు జారిపోతుంది. గొట్టం చివర నోటితో ఊదే గాలి ఎంత ఉండాలో కొలిచే సాధనం లేదు, అది బుగ్గలకే తెలియాలి. అతికిన తర్వాత మళ్లీ వేడిలో ఉంచి మెల్లమెల్లగా చల్లారనివ్వకపోతే గాజు లోపల బిగువు మిగిలిపోతుంది. అలాంటి ఫ్లాస్కు వారం తర్వాత ఎవరూ ముట్టుకోకుండానే బల్ల మీద పగులుతుంది. ఆయన చేసిన ఫ్లాస్కు అలా పగలడం నేను చూడలేదు.

ఆయన తన దగ్గర హెల్పరుగా చేరిన కుర్రాడికి పని నేర్పారు. గురువు రిటైరయ్యాక ఆ కుర్రాడే మాస్టారయ్యాడు. నా విద్యార్థులందరి వ్యాక్యూమ్ లైన్లూ, అంటే లోపలి గాలి తీసేసి పని చేసుకునే గాజు గొట్టాల అమరికలు, అతని చేతి మీదుగా వచ్చినవే. అతను పోయినేడు రిటైరయ్యాడు. కింద హెల్పరు లేడు. హెల్పరు పోస్టు ఖాళీ అయి ఎన్నేళ్లయిందో విభాగంలో చాలామందికి గుర్తు కూడా లేదు. గదికి తాళం పడింది.

ఆ తాళం ఖరీదు ఎంతో ఒక ఉదాహరణ చెబుతాను. మూడో సంవత్సరం పరిశోధక విద్యార్థిని ఒకమ్మాయి వ్యాక్యూమ్ లైనులో ఒక స్టాప్‌కాక్ విరిగింది. ఇదివరకు మెట్లు దిగి వెళ్లి, మాస్టారి బల్ల మీద పెట్టి, టీ తాగి వచ్చేసరికి తయారై ఉండేది. ఇప్పుడు మూడు కొటేషన్లు తెప్పించాలి, ఫైలు కదలాలి, సామాను గడ్డి పొత్తిళ్లలో చుట్టి వేరే ఊరికి పంపాలి. ఐదు వారాలు పట్టింది. గాలి తగిలితే చెడిపోయే పదార్థాల మీద పని ఆ పిల్లది. ఆ ఐదు వారాలూ ఆమె ఇంకొకరి లైను ఎప్పుడు ఖాళీ అవుతుందా అని రాత్రుళ్లు కాచుకుని పని చేసుకుంది.

ఎవరైనా మా విభాగానికి వస్తే మొదట అడిగే ప్రశ్న, ఇది ఎవరి ల్యాబు అని. ఫలానా ప్రొఫెసరుగారి ల్యాబు అంటాం. తలుపు మీద పేరు అదే, ప్రాజెక్టు అదే పేరు మీద వస్తుంది, ర్యాంకింగుల వాళ్లకి పంపే పట్టికల్లో ఆ పేరు కిందే పేపర్లు లెక్కకొస్తాయి. ఇలా అనడం తప్పని నేననను. ఏ ప్రశ్న వెంట పడాలో నిర్ణయించేది, డబ్బు తెచ్చేది, తప్పు జరిగితే జవాబు చెప్పేది ప్రొఫెసరే. కానీ ఆ ఒక్క పేరు దగ్గరే మన చూపు ఆగిపోతోంది. ఆగిపోయిన చోట నుంచే పోస్టులు పోతున్నాయి.

నిజానికి ల్యాబంటే ఒక్క పేరు కాదు, ఒక గుంపు. ల్యాబులో గుంపుగా పనిచేసే పద్ధతికి వయసు రెండు వందల ఏళ్లు. 1824లో జర్మనీలోని గీసెన్ అనే చిన్న ఊళ్లో యూస్టుస్ లీబిగ్ ఉద్యోగంలో చేరాడు. అప్పటికి అతనికి 21 ఏళ్లు. ఒక గురువు, చుట్టూ విద్యార్థులు, ఒకే గదిలో తలా ఒక సమస్య పట్టుకుని, ఒకరి పని ఒకరు చూస్తూ నేర్చుకోవడం అనే ఒరవడి అక్కడ గట్టిపడి లోకమంతా పాకింది. 1840ల మొదట్లో ట్రాట్‌షోల్డ్ అనే చిత్రకారుడు ఆ ల్యాబు లోపలి దృశ్యాన్ని బొమ్మ గీశాడు. రసాయనశాస్త్ర చరిత్ర పుస్తకాల్లో తరచూ కనిపించే బొమ్మ అది. తర్వాత ఎంతో పేరు తెచ్చుకున్న హాఫ్‌మన్ అందులో ఉన్నాడు. మెక్సికో నుంచి చదువుకోడానికి వచ్చిన ఒర్టిగోసా ఉన్నాడు. వాళ్లతోపాటు ల్యాబు పనివాడు ఔబెల్ కూడా ఉన్నాడు. చిత్రకారుడు అతణ్ని పక్కకి జరగమనలేదు.

మా విభాగంలో ఏటా గ్రూపు ఫొటో దిగేవాళ్లం. అటెండర్లు కుర్చీలు వరుసగా వేసి, మేం కూర్చోగానే చెట్టు కిందికి వెళ్లి నిలబడేవాళ్లు. అన్నేళ్లలో ఒక్కసారి కూడా నేను వాళ్లని రమ్మని పిలవలేదు. నా థీసిస్‌లో కృతజ్ఞతల భాగం రెండున్నర పేజీలుంది. గైడుగారు, డీన్‌గారు, అమ్మానాన్నలు, స్నేహితులు అందరూ ఉన్నారు. ఐదేళ్లు నా గాజు సామాను కడిగి ఆరబెట్టిన మనిషి పేరు లేదు. ఆ సంగతి నాకు తట్టేనాటికి ఆయన లేరు.

ఆయన్ని పెద్దాయన అని పిలిచేవాళ్లం. పొద్దున్న ఎనిమిదిన్నరకల్లా వచ్చేవారు. ముందురోజు రాత్రి మేం సింకులో పడేసి పోయిన ఫ్లాస్కుల్ని వాసన చూడకుండా, రంగు చూసి వేరు చేసేవారు. ఏది అసిటోన్‌కి లొంగుతుందో, ఏది క్షారపు తొట్టెలో రాత్రంతా నానాలో, దేన్ని నీళ్లు తగలకుండా పక్కన పెట్టి, పిల్లల్ని పిలిచి అడగాలో ఆయనకి తెలుసు. ఒకసారి నేను అజాగ్రత్తగా వదిలేసిన ఫ్లాస్కు అడుగున సోడియం ముక్కలు మిగిలి ఉన్నాయి. దాన్ని కుళాయి కింద పెట్టి ఉంటే ఏమయ్యేదో రసాయనం చదివినవాళ్లందరికీ తెలుసు. పెద్దాయన దాన్ని బల్ల మీద ఒక మూల పెట్టి, నేను వచ్చేదాకా దాని పక్కనే స్టూలేసుకుని కూర్చున్నారు. "అమ్మా, ఇది నీదేనా?" అన్నారు అంతే. తిట్టలేదు. ఇప్పుడు ఆ పని ఔట్‌సోర్సింగు మీద వచ్చేవాళ్లు చేస్తున్నారు. ఏజెన్సీ మారినప్పుడల్లా మనుషులూ మారిపోతారు. వాళ్ల తప్పు ఏమీ లేదు. ఏ ఫ్లాస్కు పక్కన పెట్టాలో తెలియడానికి ఒక మనిషికి ఒకే ల్యాబులో కొన్నేళ్లు పడుతుంది, ఆ ఏళ్లు మనం వాళ్లకి ఇవ్వడం లేదు.

ఇక స్కాలర్ల దగ్గరికి వస్తాను. ల్యాబు అంటే చాలావరకు వాళ్లే.

మా దగ్గర చేరే పిల్లల్లో ఎక్కువమంది మండల కేంద్రాల డిగ్రీ కాలేజీల నుంచి వచ్చినవాళ్లు. తెలుగు మీడియంలో ఇంటరు చదివి, ఇంగ్లీషు పుస్తకంతో కుస్తీపట్టి ఎమ్మెస్సీ గట్టెక్కి, సీఎస్‌ఐఆర్ నెట్ రాసి వచ్చినవాళ్లు. మొదటిరోజు ల్యాబులోకి వచ్చిన పిల్లకి పుస్తకంలో ఉన్న రసాయనం బాగానే తెలుసు. సిలికా జెల్‌ని, పదార్థాల్ని వేరుచేసే కాలమ్‌లో పోసేటప్పుడు గాలిబుడగ చిక్కుకుంటే ఏం చేయాలో పుస్తకంలో ఉండదు. రబ్బరు గొట్టంతో కాలమ్‌ని మెత్తగా తడుతూ కూచోవాలి. ఎంత మెత్తగా అంటే చూపించాల్సిందే, చెప్పడం కుదరదు. టీహెచ్‌ఎఫ్ ద్రావకాన్ని సోడియం, బెంజోఫినోన్‌లతో మరిగిస్తుంటే తడి పూర్తిగా పోయినప్పుడు ముదురు నీలం రంగు తిరుగుతుంది. ఆ నీలం నిలుస్తుందా, ఇంకో పావుగంటలో వెలిసిపోతుందా అన్నది సీనియరు పక్కన నిలబడి నాలుగుసార్లు చూస్తేనే కంటికి పట్టుబడుతుంది. టీఎల్‌సీ పలక మీద రెండు మచ్చలు ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టున్నా అవి రెండేనని కనిపెట్టడం, రియాక్షను ఎప్పుడు ఆపాలో తెలియడం, ఏ సీసా ఎవరినీ అడక్కుండా తెరవకూడదో తెలియడం, ఇవన్నీ గైడు నేర్పరు. అన్నయ్యలూ అక్కలూ నేర్పుతారు. మా ల్యాబులో సీనియర్లని అలాగే పిలుస్తారు, చనువు కోసం మాత్రమే కాదు. ఐదో ఏడాది అక్క మూడో ఏడాది తమ్ముడికి, ఆ తమ్ముడు కొత్తగా వచ్చిన పిల్లకి. చేతి నుంచి చేతికి పోయే విద్య ఇది. కాగితం మీద దీని జాడ కనిపించదు.

ఈ గొలుసు ఎక్కడ తెగుతోందో మీకు బాగా తెలియాలి, ఎందుకంటే తెంపేదీ అతికించేదీ మీ సంతకమే. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ఒక సమయంలో ప్రొఫెసరు 8 మందిని, అసోసియేట్ ప్రొఫెసరు ఆరుగురిని, అసిస్టెంట్ ప్రొఫెసరు నలుగురిని మాత్రమే పీహెచ్‌డీకి గైడు చేయవచ్చు. గైడు పూర్తికాలపు రెగ్యులర్ అధ్యాపకులై ఉండాలి. రిటైర్మెంటుకి మూడేళ్లలోపు ఉన్నవాళ్లు కొత్తవాళ్లను తీసుకోకూడదు. ఇవన్నీ సబబైన నిబంధనలే. కానీ రెగ్యులర్ పోస్టులు భర్తీ కాని విభాగంలో ఏం జరుగుతుందో ఆలోచించండి. కాంట్రాక్టు మీద పదిహేనేళ్లుగా పాఠం చెబుతున్న పీహెచ్‌డీ ఉన్న అధ్యాపకుడు గైడు కాలేడు. ఉన్న ప్రొఫెసర్లు ఒక్కొక్కరే ఆ మూడేళ్ల గడప దాటుతున్నారు. రెండేళ్లు, మూడేళ్లు ఎవరూ చేరని ల్యాబు తయారవుతుంది. ఆ తర్వాత ఒక కొత్త అసిస్టెంట్ ప్రొఫెసరు వచ్చి, ఒక కొత్త స్కాలరుని తీసుకుంటే, ఆ పిల్లకి నేర్పడానికి అక్క ఉండదు. నేను చివరి రెండేళ్లలో చూసింది ఇదే. ఖాళీ ల్యాబులో ఒక్క పిల్ల ఫోనులో వీడియో పెట్టుకుని కాలమ్ వేసుకోవడం చూశాను. నాకు చాలా బాధేసింది.

సీనియరు లేకపోవడం పని ఆలస్యంతో పోయే విషయం కాదు. లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏలో 2008 డిసెంబరు 29న షెహర్బానో సంగ్జీ అనే 23 ఏళ్ల పరిశోధక సహాయకురాలు సిరంజితో టర్షియరీ బ్యూటైల్ లిథియం తీస్తుండగా పిస్టను ఊడి వచ్చింది. గాలి తగిలితే చాలు మండే ద్రవం అది. ఒంటి మీద ల్యాబు కోటు లేదు. కాలిన గాయాలతో 18 రోజులకి చనిపోయింది. చేరి కొన్ని నెలలే అయింది. ఆ కేసు కోర్టుదాకా వెళ్లి, అమెరికా ల్యాబుల్లో శిక్షణ గురించి, రక్షణ గురించి మాట్లాడే పద్ధతినే మార్చేసింది. మన ల్యాబుల్లో కూడా అదే ద్రవం, అదే సిరంజి. మా గుంపులో బ్యూటైల్ లిథియం వాడే ప్రతి కొత్త స్కాలరు పక్కనా మొదటి పదిసార్లు ఒక సీనియరు నిలబడాలని నియమం పెట్టుకున్నాం. మనుషులుంటేనే ఆ నియమం నిలుస్తుంది.

డబ్బు సంగతి. జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్పు (జేఆర్‌ఎఫ్) 2023 జనవరి 1 నుంచి నెలకు 37,000 రూపాయలు, సీనియర్ ఫెలోషిప్పు (ఎస్‌ఆర్‌ఎఫ్) 42,000. ఇంటి అద్దె భత్యం వేరు. చూడ్డానికి బాగుంది. అయితే ఇది నెట్‌లో ఫెలోషిప్పు దక్కినవాళ్ల మాట. దక్కనివాళ్లకి కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో నెలకు 8,000 ఇస్తారు. చాలా ఏళ్లుగా ఆ అంకె కదల్లేదు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో అంతమాత్రం కూడా లేకుండా పొద్దున్న ల్యాబు, సాయంత్రం కోచింగ్ సెంటరులో పాఠం చెప్పుకుంటూ పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లు నాకు తెలుసు. ప్రాజెక్టు మీద చేరినవాళ్లది ఇంకొక బాధ. ప్రాజెక్టు మూడేళ్లకి అయిపోతుంది. సింథసిస్ పీహెచ్‌డీ ఐదేళ్లు పడుతుంది. మూడో ఏడు నిండేసరికి జీతం ఆగి, పని సగంలో ఉంటుంది.

వచ్చే డబ్బు కూడా నెలనెలా రాదు. నాలుగైదు నెలలకి ఒకేసారి పడుతుంది. కాగితం విశ్వవిద్యాలయంలో కదలకపోవడం వల్ల ఆగిందా, పైన ఆగిందా అన్నది స్కాలరుకి ఎప్పటికీ తెలియదు. ఈ నాలుగైదు నెలలూ రూము అద్దె, మెస్సు బిల్లు, ఇంటికి పంపాల్సిన డబ్బు ఆగవు. మా ల్యాబులో ఒకబ్బాయి తండ్రి కౌలు రైతు. ఫెలోషిప్పు వచ్చిన రోజున వాడు మొదట చేసే ఫోను విత్తనాల కొట్టుకి. ఆ డబ్బు ఆలస్యమైతే ఊళ్లో ఎరువు ఆలస్యమవుతుంది. వాడు ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు, నాకు వేరేవాళ్ల ద్వారా తెలిసింది. మీ ఫైనాన్సు ఆఫీసులో ఒక గుమాస్తా బల్ల మీద కూర్చున్న కాగితానికీ ఒక చేనికీ ఇంత దగ్గర బంధుత్వం ఉంది.

యంత్రాలు నడిపేవాళ్ల గురించి చెప్పాలి. అణువుల నిర్మాణం తేల్చే ఎన్ఎమ్మార్ యంత్రం లేకపోతే ఈరోజుల్లో రసాయన విభాగం ఉండీ లేనట్టే. కోట్లు పెట్టి కొంటాం, రిబ్బను కత్తిరిస్తాం, పత్రికల్లో ఫొటో వస్తుంది. లోపలి అయస్కాంతపు తీగచుట్ట మైనస్ 269 డిగ్రీల ద్రవ హీలియంలో మునిగి ఉండాలి. దాని చుట్టూ మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్ ఉండాలి. నైట్రోజన్‌ని వారానికోసారి నింపుతూనే ఉండాలి, పండగైనా సెలవైనా. మర్చిపోతే హీలియం మరిగిపోతుంది, అయస్కాంతం ఒక్కసారిగా చచ్చుబడుతుంది, మళ్లీ లేపడానికి లక్షలు పోస్తాం. మా ఆపరేటరు సంక్రాంతినాడు పొద్దున్నే కొత్త చొక్కా మీద చేతికి తొడుగులు వేసుకుని నైట్రోజన్ పోసి, అప్పుడు ఇంటికెళ్లి భోంచేసేవాడు. పదకొండేళ్లు చేశాడు. పదకొండేళ్లూ అతనిది ఆరునెలల కాంట్రాక్టే, ఆరునెలలకోసారి రెన్యువలు కాగితం పట్టుకుని వరండాలో నిలబడేవాడు. చివరికి ఒక ఫార్మా కంపెనీ పిలిస్తే వెళ్లిపోయాడు. నేనే వెళ్లమని చెప్పాను.

హైదరాబాదు చుట్టూ ఉన్న మందుల కంపెనీల ల్యాబుల్లో చూడండి. బల్లల ముందు నిలబడినవాళ్లలో మన విభాగాల్లో కాలమ్ వేయడం నేర్చుకున్నవాళ్లు ఎంతమందో! పరిశ్రమకి మనం పంపే మనుషులు వాళ్లు. వాళ్లకి నేర్పిన చేతులకి మాత్రం మనం చోటు చూపించలేకపోతున్నాం.

పెద్ద పనులు ఎలా జరిగాయో ఒక్కసారి గుర్తుచేసుకుందాం. విటమిన్ బీ12ని ల్యాబులో మొదటి నుంచి కట్టుకొచ్చిన పని రసాయనశాస్త్రంలో ఒక శిఖరం. హార్వర్డ్‌లో రాబర్ట్ వుడ్‌వర్డ్, జూరిచ్‌లో ఆల్బర్ట్ ఎషెన్‌మోజర్ కలిసి నడిపారు. పన్నెండేళ్లు పట్టింది. చెప్పుకునేది ఆ రెండు పేర్లే. పని చేసిన చేతులు 91 మంది పోస్ట్‌డాక్టరల్ పరిశోధకులవి, 12 మంది పీహెచ్‌డీ విద్యార్థులవి. 19 దేశాలవాళ్లు. వుడ్‌వర్డ్ ఆ పని గురించి 1972 ఫిబ్రవరిలో మన ఢిల్లీలోనే, సహజ పదార్థాల రసాయనం మీద జరిగిన అంతర్జాతీయ సదస్సులో ఉపన్యసించాడు. ఆ సభలో కూర్చున్న మన పెద్దలు అప్పటికే తమ ల్యాబుల్లో ఇలాంటి గుంపులు కట్టుకుని ఉన్నారు.

వాళ్ల గురువుల తరంలో మనకి బాగా దగ్గరివారు టి.ఆర్. శేషాద్రిగారు. మాంచెస్టరులో రాబర్ట్ రాబిన్సన్ దగ్గర పరిశోధన చేసి వచ్చి, 1930లలో వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో రసాయన పరిశోధనకి పునాది వేశారు. పరికరాలు అంతంతమాత్రం. చేతికందే మొక్కలే ఆయన పని సరుకు. పత్తి పూల పసుపు రంగు ఏమిటో తేల్చిన పేపర్ల మీద శేషాద్రి పేరుతో పాటు నీలకంఠం పేరు ఉంటుంది. ఆ కాలపు మిగతా పేపర్లలో రంగస్వామి అనీ రావు అనీ మరికొన్ని పేర్లు కలుస్తాయి. 1942లో విశాఖపట్నం మీద బాంబులు పడ్డాయి, ప్రాంగణం సైన్యానికి అవసరమైంది, విశ్వవిద్యాలయం గుంటూరుకి తరలింది. ఒక రసాయన ల్యాబుని ఎత్తి ఇంకో ఊళ్లో దించడం అంటే ఏమిటో ఆలోచిస్తాను అప్పుడప్పుడు. ప్రతి సీసానీ గడ్డిలో చుట్టింది ఎవరు? దించాక ఏది ఎక్కడ పెట్టాలో గుర్తున్నది ఎవరికి? ఆ పేర్లు ఏ పేపరు మీదా లేవు. 1949లో శేషాద్రిగారు ఢిల్లీ విశ్వవిద్యాలయానికి వెళ్లిపోయారు, వాల్తేరులో సహజ పదార్థాల పని ఆగలేదు. గుంపు మిగిలి ఉంది కనక ఆగలేదు.

పోస్టు లేకుండా సైన్సు చేసినవాళ్లలో దర్శన్ రంగనాథన్‌గారిని తలుచుకోకుండా ఉండలేను. భర్త కాన్పూర్ ఐఐటీలో రసాయనశాస్త్ర ప్రొఫెసరు. భార్యాభర్తలిద్దరినీ అధ్యాపకులుగా తీసుకోరాదనే రాయని నియమం వల్ల ఆమెకి అక్కడ ఉద్యోగం రాలేదు. ఏళ్ల తరబడి ఫెలోషిప్పుల మీదే పనిచేశారు. ప్రొటీన్ల మడతలనీ, పెప్టైడ్లు తమంతట తామే అల్లుకునే తీరునీ అధ్యయనం చేసి దేశంలో అగ్రశ్రేణి ఆర్గానిక్ కెమిస్టుల్లో ఒకరయ్యారు. 1990లలో తిరువనంతపురం మీదుగా 1998లో మన హైదరాబాదులోని రసాయన సాంకేతిక పరిశోధన సంస్థ ఐఐసీటీకి వచ్చారు. అక్కడ ఆమెకి దక్కిన స్థానం ఆమె పనికి తగినది. మూడేళ్లకే, 2001 జూన్ 4న, తన అరవయ్యో పుట్టినరోజునాడే పోయారు. ఆమెకి మొదటి పాతికేళ్లలో ఒక గది, నలుగురు స్కాలర్లు, ఒక అటెండరు ఉండి ఉంటే అని ప్రతిసారీ అనుకుంటాను. ఇప్పుడూ మన ల్యాబుల్లో పెళ్లయి, పిల్ల పుట్టి, సగంలో ఆగిపోయిన స్కాలర్లు ఉన్నారు. నిబంధన మారింది. ఆడపిల్లలకి పీహెచ్‌డీకి అదనంగా రెండేళ్ల గడువు, 240 రోజుల దాకా ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఉన్నాయి. ఆ సెలవు అడిగితే గైడు మొహం ఎలా పెడతారోనని భయపడే పిల్లలకి మాత్రం ఆ నిబంధన ఇంకా చేరలేదు.

గైడ్ల గురించి కూడా నిజం చెప్పాలి. పీహెచ్‌డీ, సిఫార్సు ఉత్తరం, పేపరు మీద పేరు వరస, అన్నీ ఒకే మనిషి చేతిలో ఉండటం ఎవరికీ మంచిది కాదు. స్కాలరుతో ఇంటి పనులు చేయించుకునే గైడ్లని చూశాను. పని ఒకరిది, మొదటి పేరు ఇంకొకరిది అయిన పేపర్లు చూశాను. ఫిర్యాదు చేయాల్సింది మళ్లీ ఆ విభాగాధిపతికే అయితే ఏ పిల్లా చేయదు. విభాగంతో సంబంధం లేని ఒకరు, పేరు బయటపెట్టకుండా వినేవారు, ప్రతి విశ్వవిద్యాలయంలోనూ ఉండాలి. దీనికి డబ్బు ఖర్చు కూడా లేదు.

ఇవి నా అభ్యర్థనలు. ఈ ఏడాది మీ పాలకమండలి ముందుకి కొత్త యంత్రం కొనే ప్రతిపాదన వస్తే, దాన్ని నడిపే మనిషి పోస్టు కూడా అదే కాగితం మీద ఉందో లేదో చూడండి. లేకపోతే ఆ కాగితాన్ని వెనక్కి పంపండి. గ్లాస్ బ్లోయరు, ల్యాబు అటెండరు, స్టోర్‌కీపరు పోస్టుల్ని రద్దు జాబితాలోంచి తీసి భర్తీ జాబితాలో పెట్టండి. రిటైరయ్యే మనిషి కింద రెండేళ్ల ముందే ఇంకొకరిని నేర్చుకోడానికి కూర్చోబెట్టండి. ఆ రెండేళ్లూ రెండు జీతాలు ఇవ్వాల్సి వస్తుంది, తెలుసు. చేతిలోని విద్య పోయాక దాన్ని ఎన్ని జీతాలకీ కొనలేం. స్కాలరు ఫెలోషిప్పు నెల మొదటి వారంలో పడేలా, పైనుంచి రావడం ఆలస్యమైతే విశ్వవిద్యాలయం తన నిధిలోంచి ముందు ఇచ్చి తర్వాత సర్దుకునేలా ఏర్పాటు చేయండి. ప్రాజెక్టు అయిపోయి పని మిగిలిన పిల్లలకి ఏడాదో ఏడాదిన్నరో ఆసరాగా ఒక నిధి పెట్టండి. రెగ్యులర్ అధ్యాపకుల నియామకాలకి మీరు ప్రభుత్వాన్ని అడగాల్సి ఉంటుంది. అడిగేటప్పుడు మీ వెనక మేమంతా ఉన్నామని చెప్పండి, ఉంటాం.

మా గాజు మాస్టారు, ఆ రెండో ఆయన, మా ఊరికి నాలుగు కిలోమీటర్ల దూరంలోనే ఉంటున్నారు. మొన్న కలిసినప్పుడు, ఎవరైనా కుర్రాణ్ని పంపితే వారానికి మూడు రోజులు వచ్చి నేర్పుతానన్నారు. జీతం అడగలేదు, బస్సు చార్జీలు ఇస్తే చాలన్నారు. నేను జీతం కూడా ఇప్పించాలనే అడుగుతున్నాను. ఆ గదిలో గాజు కరిగించే టార్చి ఇంకా పనిచేస్తుంది. బల్ల మీద మూడు మెడల ఫ్లాస్కు ఒకటి, విరిగిన మెడతో, మార్కరుతో స్కాలరు పేరు రాసి ఉన్నది, అలాగే ఉంది. తాళంచెవి విభాగం ఆఫీసులో, తలుపు పక్కన మేకుకి వేలాడుతోంది.

గౌరవంతో,
ఒక రసాయనశాస్త్ర అధ్యాపకురాలు